గ్యాస్ ఎక్కడికి పోయింది?

ఎండలు ముదిరితే మన పాతబస్తీలో కారున్న ప్రతి ఇంట్లోనూ ఒక మాట వినిపిస్తుంది. "ఏసీలో గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి." ఏసీ వేస్తే వేడి గాలి వస్తోందా, గ్యాస్ అయిపోయింది. చల్లదనం తగ్గిందా, గ్యాస్ అయిపోయింది. వంటింట్లో సిలిండర్ అయిపోయినట్టు, బండిలో పెట్రోలు అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ కూడా వాడుతుంటే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని షాపుల్లో కూడా అదే చెప్తారు.

నిజానికి కారు ఏసీలో గ్యాస్ వాడకంతో అయిపోదు. అది మండేది కాదు, ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో ఒకచోట నుంచి బయటికి పోయిందని అర్థం. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "గ్యాస్ కొట్టడానికి ఎంత?" అని కాదు, "గ్యాస్ ఎక్కడికి పోయింది?" అని.

ఈ నెల మీకు రాయాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే. నేను సైన్స్ టీచర్ని కాబట్టి మధ్యలో కొంచెం పాఠం కూడా ఉంటుంది. మీ పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉంటే ఆ భాగం వాళ్ళతో కలిసి చదవండి.

మాకు ఏసీ ఎందుకు అవసరమైంది

మా అమ్మకి మూడేళ్ళుగా డయాలిసిస్ జరుగుతోంది. మంగళ, గురు, శనివారాలు, ఒక్కోసారి నాలుగు గంటలు. మేముండేది లాల్‌దర్వాజా దగ్గర, ఆసుపత్రి మూసీకి అవతల. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి కదా, పన్నెండున్నరకి బడి వదలగానే ఇంటికి వెళ్ళి అమ్మని కారెక్కించుకుంటాను. మొఘల్‌పురా, మీర్ ఆలం మండీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ వంతెన దాటాలి. ఆ దారి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మండీ దగ్గర కూరగాయల బండ్లు, ఆటోలు, ట్రాలీలు. ఎండ నడినెత్తిన ఉండగా పది నిమిషాలు కారు కదలకపోవడం మామూలే.

డయాలిసిస్ పేషెంట్లకి ఎండ మామూలు ఇబ్బంది కాదు. వాళ్ళ కిడ్నీలు నీటిని బయటికి పంపలేవు కాబట్టి డాక్టర్లు రోజుకి తాగాల్సిన నీళ్ళు కొలిచి చెప్తారు. మా అమ్మ ఒక సీసా మీద గీత గీసుకుని అందులోంచే తాగుతుంది. మనకైతే ఎండలో దాహమేస్తే గ్లాసుడు నీళ్ళు తాగేస్తాం. ఆమె తాగకూడదు. తాగితే ఆ నీరు ఒంట్లోనే ఉండిపోతుంది, మరుసటి డయాలిసిస్‌లో ఎక్కువ నీరు తీయాల్సి వస్తుంది. అప్పుడు బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అందుకని ఆ ముప్పావు గంట ప్రయాణంలో చల్లగాలి ఆమెకి సుఖం కోసం కాదు, దాహం వేయకుండా ఉండటం కోసం.

మా కారు సెకండ్ హ్యాండ్‌ది, చిన్నది. కొన్న మొదటి ఎండాకాలం ఏసీ చల్లదనం తగ్గింది. నాన్న ఒక షాపులో గ్యాస్ కొట్టించారు, బాగా పనిచేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మళ్ళీ అదే. ఇంకో షాపు, మళ్ళీ గ్యాస్. "పాత బండి కదా, ఏడాదికోసారి కొట్టించుకోవాలి, మామూలే" అన్నారు. ప్రతిసారీ రెండు వేల దాకా అయింది. ఈ ఏడాది మార్చి చివరికే వేడి గాలి మొదలైంది. అమ్మ ఏమీ అనలేదు. తడి కర్చీఫ్ మెడ మీద వేసుకుని కూర్చుంది.

రంజన్‌లో ఉన్న పాఠం

ఏసీ ఎలా చల్లబరుస్తుందో అర్థం కావాలంటే మొదట మన ఇంట్లో రంజన్ దగ్గరికి వెళ్ళాలి. మట్టి రంజన్‌లో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? మట్టికి సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు బయటికి చెమర్చి ఆవిరవుతుంది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని రంజన్ నుంచి, లోపలి నీళ్ళ నుంచి తీసుకుంటుంది. అందుకే లోపలి నీళ్ళు చల్లబడతాయి. స్టీలు బిందెలో ఇది జరగదు. క్లాసులో పిల్లల అరచేతిలో రెండు చుక్కల శానిటైజర్ వేయించి ఊదమంటాను. చల్లగా తగలగానే పాఠం సగం అయిపోయినట్టే.

ఇప్పుడు ప్రెషర్ కుక్కర్. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్‌లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి దాదాపు 120 డిగ్రీల దాకా వెళితే గానీ మరగవు. అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. అంటే ఒత్తిడి పెంచితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది.

ఏసీ అంటే ఈ రెండూ కలిపినదే. రంజన్‌లో నీరు చేసే పని ఇక్కడ ఆర్-134ఎ అనే గ్యాస్ చేస్తుంది. మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువ వాటిలో ఉండేది అదే. మామూలు గాలి ఒత్తిడిలో అది సున్నాకి దిగువన 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. నొక్కినప్పుడు బాగా వేడెక్కుతుంది. కారు ముందు భాగంలో జాలీలా ఉండే కండెన్సర్‌లో ఆ వేడిని బయటి గాలికి వదిలేసి ద్రవంగా మారుతుంది. తర్వాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని దారిలోంచి దూరి డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లోకి వస్తుంది. అక్కడ ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతూ కాయిల్ నుంచి వేడిని లాగేసుకుంటుంది. ఆ కాయిల్ మీదుగా ఫ్యాన్ గాలి తోస్తుంది. మనకి తగిలే చల్లగాలి అదే. ఆవిరి మళ్ళీ కంప్రెసర్‌లోకి వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుంది.

చూశారా, ఇందులో గ్యాస్ ఎక్కడా ఖర్చు కాలేదు. అది కూలిపని చేస్తుంది, అంతే. లోపలి వేడిని మోసుకెళ్ళి బయట దించి, మళ్ళీ ఖాళీ గంపతో తిరిగొస్తుంది. తొమ్మిదో తరగతిలో ఈ పాఠం చెప్తుంటే ఒక అమ్మాయి లేచి, "మరి మా డాడీ ప్రతి సమ్మర్‌లో గ్యాస్ ఎందుకు కొట్టిస్తారు టీచర్?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. దానికి పూర్తి జవాబు నాకు షంషేర్‌గంజ్ వైపు ఉన్న ఒక చిన్న షెడ్డులో దొరికింది.

చాచా అడిగిన ప్రశ్నలు

అలియాబాద్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. నడిపే పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. శుక్రవారం షాపు సెలవు, ఆదివారం తెరిచి ఉంటుంది. నాకు కుదిరేది ఆదివారమే.

"చాచా, ఏసీలో గ్యాస్ కొట్టాలి" అన్నారు నాన్న.

ఆయన నవ్వి, "గ్యాస్ సంగతి తర్వాత సాబ్. ముందు చెప్పండి, బండి ఆగినప్పుడే వేడొస్తదా, నడుస్తుంటే కూడా వస్తదా?" అన్నాడు.

"నడుస్తుంటే కూడా."

"ఒక్కసారే పోయిందా, కొద్దికొద్దిగా పోయిందా?"

"కొద్దికొద్దిగా. నెల రోజులు పట్టింది."

"పోయినేడు కొట్టించిన్రా?"

"కొట్టించాం. అంతకు ముందు ఏడు కూడా."

"మరి ఆ గ్యాస్ అంతా ఏమైంది సాబ్? బండి తాగేసిందా?"

ఆ ఒక్కో ప్రశ్నకీ ఒక కారణం ఉందని తర్వాత ఆయనే నాకు వివరంగా చెప్పాడు. కారు నడుస్తుంటే చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కితే కండెన్సర్ దగ్గరున్న ఫ్యాన్ తిరగడం లేదేమో చూడాలి. నడుస్తున్నప్పుడు ఎదురుగాలి ఆ పని చేసేస్తుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. నిన్నటిదాకా బాగా ఉండి ఇవాళ ఒక్కసారిగా పోతే ఫ్యూజో, రిలేనో, కంప్రెసర్ క్లచ్చో అయ్యుండొచ్చు. గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు. కొద్దికొద్దిగా, నెలల మీద తగ్గితే మాత్రం గ్యాస్ కారుతోందని అనుమానించాలి. ఇన్ని కారణాలుండగా అన్నింటికీ ఒకే మందు గ్యాస్ ఎలా అవుతుంది?

ఆయన నీలం, ఎరుపు గేజులు రెండూ తగిలించి చూశాడు. నీలంది తక్కువ ఒత్తిడి వైపు, ఎరుపుది ఎక్కువ ఒత్తిడి వైపు. రెండూ ఉండాల్సిన దానికంటే కింద ఉన్నాయి. గ్యాస్ తగ్గిన మాట నిజమే. అక్కడితో ఆగకుండా టార్చి పట్టుకుని పైపుల జాయింట్లన్నీ వరసగా చూడటం మొదలుపెట్టాడు.

"దుమ్ము చూడు బేటా. ఎక్కడ దుమ్ము నల్లగా, జిడ్డుగా పట్టుకుంటదో అక్కడ కారినట్టు" అన్నాడు. ఇది కూడా సైన్సే. కంప్రెసర్ అరిగిపోకుండా అందులో నూనె ఉంటుంది, ఆ నూనె గ్యాస్‌తో కలిసి పైపుల్లో తిరుగుతుంది. గ్యాస్ బయటికి పోయేచోట నూనె కూడా చెమరుస్తుంది. గ్యాస్ కంటికి కనబడదు, నూనె మరక కనబడుతుంది.

కండెన్సర్‌కి పైపు కలిసేచోట అలాంటి మరక ఒకటి కనిపించింది. అయినా అదేనని తేల్చేయలేదు. మిగిలిన గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా మెషీన్‌లోకి లాగి, పైపుల్లో నైట్రోజన్ నింపి, జాయింట్లన్నింటికీ బ్రష్‌తో సబ్బు నీళ్ళు పూశాడు. మరక ఉన్నచోట సన్నని బుడగలు లేచాయి. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. మిగతా జాయింట్లు ఎండిపోయేదాకా చూసి అక్కడ ఏమీ లేదని నిర్ధారించుకున్నాడు.

జాయింట్ విప్పితే లోపల రబ్బరు రింగు గట్టిపడి, ఒక పక్క చిట్లి ఉంది. ఏళ్ళ తరబడి ఇంజిన్ వేడికి అలా అవుతుందట. దాని స్థానంలో ఆకుపచ్చ రంగు రింగు కొత్తది వేశాడు. ధర ముప్పై రూపాయలు. పైపులు విప్పాం కాబట్టి లోపలికి తేమ వెళ్ళి ఉంటుందని, తేమని పీల్చే డ్రయ్యర్ కూడా మార్చాడు. తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి ముప్పావు గంట గాలి, తేమ లాగేశాడు. పంపు ఆపేసి ఇంకో అరగంట గేజు ముల్లు కదులుతుందేమో చూశాడు. కదల్లేదు. అప్పుడు గానీ గ్యాస్ సీసా ముట్టుకోలేదు.

గ్యాస్ కూడా అందాజాగా కొట్టలేదు. బానెట్ కింద ఒక స్టిక్కర్ ఉంటుంది, ఆ కారుకి ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు పట్టాలో దాని మీద ఉంటుంది. సీసాని తూకం మీద పెట్టి సరిగ్గా అన్ని గ్రాములే ఎక్కించాడు. "తక్కువైనా చల్లగుండదు, ఎక్కువైనా చల్లగుండదు" అన్నాడు. ఎక్కువైతే ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుందట. అన్నీ కలిపి మూడు వేలు దాటింది. అంతకు ముందు రెండేళ్ళలో గ్యాస్‌కి పెట్టిన దానికంటే తక్కువే.

మంగళవారం మీర్ ఆలం మండీ దగ్గర ఎప్పటిలాగే ఇరుక్కున్నాం. అమ్మ కర్చీఫ్ బ్యాగులోనే ఉంది. దారుల్‌షిఫా దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయింది. దారుల్‌షిఫా అంటే స్వస్థత ఇచ్చే ఇల్లు. కులీ కుతుబ్ షా కాలంలో అక్కడ ఆసుపత్రి ఉండేది, ఆ పేరు దానిదే. ఆ రోజు డయాలిసిస్‌లో బీపీ పడిపోలేదు. ఏసీ వల్లే అని చెప్పలేను. కానీ ఆ రోజు సీసాలో గీత దాటకుండా నీళ్ళు మిగిలాయి.

బయటికి పోయిన గ్యాస్ సంగతి

మన జేబు సంగతి సరే. కారిన గ్యాస్ ఎక్కడికి పోయింది? గాలిలోకి.

పాత కార్లలో ఆర్-12 అనే గ్యాస్ వాడేవారు. అది క్లోరోఫ్లోరోకార్బన్ల జాతిది. ఈ జాతి గ్యాసులు ఓజోన్ పొరని దెబ్బతీస్తాయని 1974లో మారియో మొలీనా, షేర్‌వుడ్ రౌలాండ్ చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర ఎంత పల్చబడిందో బ్రిటిష్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన బడిలో ఏటా సెప్టెంబర్ 16న పిల్లలు ఓజోన్ డే బొమ్మలు వేస్తారే, ఆ తేదీ అక్కడిదే. భారత్ 1992లో ఆ ఒప్పందంలో చేరింది. మొలీనా, రౌలాండ్‌లకి పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆర్-12 స్థానంలో వచ్చిందే ఆర్-134ఎ. ఇది ఓజోన్‌ని పాడుచేయదు. కానీ భూమిని వేడెక్కిస్తుంది. వందేళ్ళ లెక్కలో ఒక కిలో ఆర్-134ఎ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా లెక్కిస్తారు. చిన్న కారులో 400 గ్రాములు పట్టిందనుకోండి. అదంతా కారిపోతే సుమారు 570 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోలు వస్తుంది. అంటే ఇది సుమారు 250 లీటర్ల పెట్రోలుతో సమానం. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళి తిరిగొచ్చినా ఇంకా మిగిలేంత పెట్రోలు అది. కారు వీధి చివరిదాకా కూడా కదలకుండానే. అందుకే 2016లో కిగాలీ నగరంలో ఈ రకం గ్యాసుల్ని కూడా తగ్గించాలని దేశాలు నిర్ణయించాయి. భారత్ 2021లో దానికి ఆమోదం తెలిపింది. కొత్త కార్లలో కొన్నింటిలో ఇప్పటికే ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ వస్తోంది.

లీకు మూయకుండా ఏటా గ్యాస్ కొట్టించడమంటే మన డబ్బుతో గాలిలోకి వదలడమే. ఎండలు ముదురుతున్నాయని బాధపడుతూ, ఆ ఎండకి మనమే కొంత కలుపుతున్నాం.

షాపుకి వెళ్ళే ముందు

చాచా దగ్గర నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. బండి నీడలో నిలిపి, ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ స్విచ్ వేయండి. ముందు వైపు నుంచి "టక్" మని చిన్న చప్పుడు వస్తే చాలా బండ్లలో కంప్రెసర్ క్లచ్ పట్టుకున్నట్టు. కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. క్యాబిన్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లోవ్‌బాక్స్ వెనక ఉంటుంది, తీసి చూస్తే దుమ్ము సంగతి తెలుస్తుంది. మన రోడ్ల దుమ్ముకి అది త్వరగా నిండుతుంది. టెంపరేచర్ నాబ్ పొరపాటున హీటర్ వైపు తిరిగి ఉందేమో కూడా చూడండి, పిల్లలు తిప్పేస్తుంటారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బెల్టు, ఫ్యాన్ దగ్గర చేతులు, చున్నీలు పెట్టకండి. గ్యాస్ పైపులు మాత్రం మీరు విప్పొద్దు. ఆ గ్యాస్ చర్మానికి తగిలితే మంచులా కాలుతుంది.

షాపులో ఒకే మాట అడగండి: "గ్యాస్ ఎక్కడ లీకవుతోంది?" రబ్బరు పైపుల నుంచి ఏళ్ళ మీద కాస్త గ్యాస్ తగ్గడం సహజమే. కానీ ప్రతి ఎండాకాలం తగ్గుతుంటే అది సహజం కాదు. లీకు చూపించమనండి. వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారో, గ్యాస్ తూకంతో ఎక్కిస్తారో లేదో అడగండి. మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకి చికాకు పడడు, సంతోషిస్తాడు.

ఇంకొక్క మాట. ఏసీ ఎంత బాగా పనిచేసినా, ఆపేసిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలకండి. "పాల ప్యాకెట్ తీసుకొచ్చేస్తా" అని కూడా వద్దు. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరిగిపోతుంది, కిటికీ కొంచెం తెరిచి ఉంచినా పెద్దగా తేడా ఉండదు. చిన్నపిల్లల ఒళ్ళు మనకంటే చాలా త్వరగా వేడెక్కుతుంది.

బడిలో ఇదే ప్రశ్న

ఈ విషయం పేరెంట్స్ న్యూస్‌లెటర్‌లో ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు చెప్తాను.

మా క్లాసులో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ళ ఇంట్లో ఒప్పుకున్నాకే, పేరు లేకుండా రాస్తున్నాను. ఫిజిక్స్‌లో మార్కులు తగ్గుతూ వచ్చాయి. ఇంట్లో ట్యూషన్ పెట్టించారు. ఒక నెల బాగుంది, మళ్ళీ తగ్గాయి. రెండో ట్యూషన్ పెట్టించారు. పీటీఎంలో వాళ్ళ నాన్నగారు, "మేడం, మూడోది కూడా పెట్టిస్తాను, ఎవరు మంచోళ్ళో చెప్పండి" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. కొడుకు పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా ఏదో ఒక క్లాసులోనే ఉంటున్నాడు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం మానేశాడట.

చాచా అడిగినట్టే అడిగాను. ఒక్కసారిగా తగ్గాయా, కొద్దికొద్దిగానా? కొద్దికొద్దిగా. అన్ని పాఠాల్లోనా, కొన్నింట్లోనేనా? పేపర్లు తీసి ముగ్గురం కలిసి చూశాం. థియరీ ప్రశ్నలకి జవాబులు బాగానే ఉన్నాయి. లెక్కలు వచ్చిన ప్రతిచోటా ఆగిపోయాడు. సూత్రం సరిగ్గా రాశాడు, అంకెలు సరిగ్గా వేశాడు, చివరి భాగహారం దగ్గర వదిలేశాడు. "0.6 ని 0.02 తో భాగించు" అన్నాను. పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాడు.

లీకు అక్కడుంది. దశాంశాలు నేర్చుకోవాల్సిన ఏడాది కరోనా. ఇంట్లో ముగ్గురు పిల్లలకి ఒకే ఫోను. పెద్దక్కకి పదో తరగతి కాబట్టి ఫోను ఎక్కువసేపు ఆమె దగ్గరే ఉండేది. ఆ పాఠం ఈ అబ్బాయికి అందనే లేదు. తర్వాత ప్రతి తరగతిలో అది వచ్చినట్టే అనుకుని ముందుకు వెళ్ళారు. అడగడానికి వాడికి సిగ్గు. రెండు ట్యూషన్లలోనూ తొమ్మిదో తరగతి పాఠాలే చెప్పారు. పైనుంచి ఎంత పోసినా కింద అదే చోట కారిపోయింది.

మూడో ట్యూషన్ వద్దన్నాను. రెండు వారాలు బడి అయ్యాక అరగంట దశాంశాలు, భిన్నాలు చేశాం. వాళ్ళ నాన్నగారికి కిరాణా కొట్టు ఉంది. రోజూ సాయంత్రం కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని తూకాలు, చిల్లర లెక్కలు చేయించమన్నాను. 250 గ్రాములంటే కిలోలో ఎంత, 0.75 కిలో ధర ఎంత. ఆయన మొదట, "నాకు ఇంగ్లిష్ రాదు కదా మేడం" అన్నారు. దశాంశానికి ఇంగ్లిష్ అక్కర్లేదు. ఆ అబ్బాయి క్లాసు ఫస్ట్ ఏమీ రాలేదు. కానీ తర్వాతి యూనిట్ టెస్టులో లెక్కలన్నీ చివరిదాకా చేశాడు. ఒక ట్యూషన్ మానేశాడు. సాయంత్రం కొట్లో కూర్చుని నాన్నతో కబుర్లు చెప్తున్నాడట.

ట్యూషన్లు చెడ్డవని అనడం లేదు. ఏసీకి గ్యాస్ కావాలి, కొందరు పిల్లలకి అదనంగా ఒకరు చెప్పడమూ కావాలి. కాకపోతే వరస ముఖ్యం. ముందు ఎక్కడ కారుతోందో చూడాలి, దాన్ని మూయాలి, తర్వాత ఎంత కావాలో అంతే నింపాలి. తక్కువైనా పనిచేయదు, ఎక్కువైనా పనిచేయదు.

కొన్నిసార్లు లీకు చదువులో ఉండదు. నిద్రలో ఉంటుంది. బస్సులో ఏడిపించే పెద్ద పిల్లల దగ్గర ఉంటుంది. ఇంట్లో ఎవరికో బాగాలేకపోవడంలో ఉంటుంది. మార్కుల కాగితం మీద అవేవీ కనబడవు. కానీ మరకలాంటిది ఏదో ఒకటి ఎక్కడో కనబడుతూనే ఉంటుంది. టిఫిన్ బాక్సు తినకుండా తిరిగి రావడం, ఒక్క సబ్జెక్టు హోంవర్క్ మాత్రమే ఆగిపోవడం, ఆదివారం సాయంత్రానికే కడుపునొప్పి రావడం. వాటిని మాకంటే ముందు చూడగలిగేది మీరే.

వచ్చే పీటీఎంకి వచ్చేటప్పుడు మీ పిల్లల పాత ఆన్సర్ షీట్లు ఒక కవర్లో పెట్టి తీసుకురండి. "ఎన్ని మార్కులు?" అన్న ప్రశ్నకి జవాబు ప్రోగ్రెస్ కార్డులోనే ఉంటుంది. మీరు మమ్మల్ని ఇంకో ప్రశ్న అడగండి: "ఎక్కడ ఆగిపోతున్నాడు?" మాకు వెంటనే తెలియకపోతే కూర్చుని వెతుకుదాం. ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు పట్టొచ్చు. బయట క్యూలో ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, మీ వంతు వచ్చినప్పుడు మీకూ అంతే సమయం ఇస్తాం.